వాన మిషను పక్క సీటు

మా ఆయనకు నాటకాలాడటం చేతకాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే బాగుందని చెప్పబోయి, రెండో ముద్దకే నీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాచి దొరికిపోయే మనిషి. అలాంటి మనిషిని ఆ వేసవి మొదట్లో, ఇంటిల్లిపాదీ భోజనాలకు కూర్చున్న చోట, సొంత అన్నే ఆ మాట అన్నాడు.

"వీడి దగ్గు ఎప్పుడొస్తుందో గమనించావా అమ్మా? సరిగ్గా లారీకి లోడు ఎత్తాల్సి వచ్చినప్పుడే వస్తుంది. అన్నీ నాటకాలు! బడి ఎగ్గొట్టడానికి అప్పుడు కడుపునొప్పి, పని ఎగ్గొట్టడానికి ఇప్పుడు దగ్గు."

మా అత్తగారు నవ్వారు. తోటికోడలు నవ్వింది. పాపం, మా ఆయన కూడా నవ్వబోయారు. సగం నవ్వులో దగ్గు తెరలు తెరలుగా వచ్చి, కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు.

"చూశారా, ఎంత బాగా చేస్తున్నాడో!" అన్నాడు బావగారు.

అప్పటిదాకా బావగారిని నేను మనసులో కూడా "వచ్చారు, అన్నారు" అనే తలుచుకునేదాన్ని. ఆ పూట నుంచి "వచ్చాడు, అన్నాడు" అయిపోయింది. పైకి మాత్రం గారూ, అండీ ఏమాత్రం తగ్గించలేదు. కసి ఉన్నచోట మర్యాద ఇంకాస్త ఎక్కువ వడ్డించాలని నా లెక్క.

బావగారి నీళ్ల ప్లాంటు మా ఇంటి వెనక స్థలంలోనే ఉండేది. బోరు నీళ్లు ఫిల్టర్లలోంచి వచ్చి పెద్ద స్టీలు ట్యాంకులో పడతాయి. పురుగూ నాచూ పట్టకుండా ఆ నీళ్లలోకి ఓజోన్ బుడగలు వదులుతారు. తర్వాత క్యాన్లలో నింపి, మూతలు బిగించి, లారీకి ఎత్తుతారు. నింపే గదిలో మా ఆయన, మూతలు బిగించే పెద్దాయన, ఇంకో ఇద్దరు పనిచేసేవాళ్లు. ట్యాంకు పక్కనే ఓజోన్ తయారుచేసే మిషను బీరువా అంత ఉండేది. దానికి వాళ్లంతా పెట్టుకున్న పేరు వాన మిషను. అది ఆన్ చేస్తే చాలు, ఉరిమి ఉరిమి వాన కురిసి వెలిసినట్టు వాసన వచ్చేది. బయట రోడ్డు మీద తారు కరుగుతున్నప్పుడు ఆ వాసన తగిలితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. నాకూ లేచొచ్చింది. టీ ఫ్లాస్కు ఇచ్చే వంకతో వెళ్లి, కాసేపు నిలబడి ముక్కునిండా పీల్చుకుని వచ్చేదాన్ని.

అందుకే కాస్త తీరిక దొరికితే అందరూ దాని పక్కనే చేరేవాళ్లు. దానికి ఆనుకుని ఉన్న స్టూలు మా ఆయనది. "మా తమ్ముడికి వాన పక్కనే సీటు!" అంటూ బావగారు ముద్దుగా వేయించిన స్టూలు అది. మా ఆయన దాన్ని మంత్రి పదవిలా చూసుకునేవారు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. నీళ్లకు గిరాకీ పెరిగింది. ఇంతలో ఎవరో షాపువాళ్లు క్యాన్లో నాచు కనపడిందని సరుకు వెనక్కి పంపారు. బావగారు చిందులు తొక్కి, మిషను నాబ్ చివరికంటా తిప్పేశాడు. దుమ్ము పడుతోందని కిటికీలకు అట్టలు కొట్టించాడు. గోడకున్న ఫ్యాను తీయించి ఆ కన్నం పూడ్పించాడు. తలుపు ఓరగా ఉందంటే చాలు, దగ్గర్లో ఎవరుంటే వాళ్లను దులిపేసేవాడు. చివరికి తలుపు మీద ఎర్ర పెయింటుతో "మూసి ఉంచండి" అని రాయించాడు.

మా ఆయనకు చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదట. పెద్దయ్యాక పోయిందని అందరూ మర్చిపోయారు. పక్కన పడుకునేదాన్ని నేను కాబట్టి నాకు మర్చిపోయే వీలు లేదు. ఛాతీ చుట్టూ ఎవరో తాడేసి బిగించినట్టుందనేవారు. గట్టిగా ఊపిరి పీలిస్తే సగంలో ఆగిపోయి దగ్గు వచ్చేది. ఆ గదిలో పనిచేయడం ఆయనకది రెండో వేసవి. నాకు ఆస్తులొద్దు, వాటాలొద్దు, ఆ మనిషిని ఆ గదిలోంచి ఊపిరితో సహా బయటికి లాక్కురావాలి, అంతే. కానీ ఆయనకు అన్నయ్య మాటే వేదం.

"అలవాటైపోతుందని అన్నయ్య చెప్పాడుగా" అనేవారు. "మూతల పెద్దాయన చూడు, అస్సలు దగ్గడు."

నా పోరు పడలేక ఒక శనివారం ఆస్పత్రికి వచ్చారు. ఊపిరి పరీక్ష చేసే డాక్టరమ్మ గొంతు వీధి చివరిదాకా వినపడుతుంది. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం పెట్టి మొదలుపెట్టింది. "పీల్చు! పీల్చు! ఇంకా పీల్చు! ఇప్పుడు ఊదు! ఊదు ఊదు ఊదు ఊదు! ఆపకు! లోపల ఇంకా ఉంది, దాచుకుని ఏం చేసుకుంటావు?" బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు కూడా తెలియకుండా ఊదేస్తున్నారు. తీరా కంప్యూటరు తెర మీద గీత చూసి, "కాస్త అంచులో ఉంది గానీ, ఫర్వాలేదు" అంది.

ఆ "ఫర్వాలేదు" మాకన్నా ముందే ఇంటికి చేరింది. మా ఆయనే ఫోన్ చేసి అన్నయ్యకు చెప్పారు. బావగారు గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"ఏమ్మా, డాక్టరు ముందు కూడా ఆడించావట నాటకం! చప్పట్లు కొట్టిందా లేదా?"

"ఫర్వాలేదన్నారండి బావగారూ" అని లోపలికి వెళ్లి గిన్నెలు ముందేసుకున్నాను. ఆ పూట తోమినంత కసిగా ఎప్పుడూ తోమలేదు. తోటికోడలు గుమ్మంలోంచి చూసి అటునుంచటే వెళ్లిపోయింది.

తర్వాత కొన్నాళ్లకు బోరు మోటారు కాలిపోయింది. కొత్తది తెప్పించి బిగించేసరికి పది పన్నెండు రోజులు పట్టింది. బావగారు ఫోన్లో అందరినీ తిడుతూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మా ఆయన మాత్రం హాయిగా నిద్రపోయారు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకోవడం మానేశారు. ఒక సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తూ ఈల వేశారు. ఆ ఈల నేను పెళ్లయిన కొత్తలో విన్నదే, మళ్లీ వినలేదు. మెట్ల దగ్గర నిలబడి మొత్తం విన్నాను.

ప్లాంటు మళ్లీ తెరిచిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పడానికి వంగారు. వంగినవారు వంగినట్టే గోడ పట్టుకుని కూర్చుండిపోయారు. ఊపిరి పైపైనే ఆడుతోంది. ఆ గది మీద నాకున్న అనుమానం నిజమేనని అక్కడితో తేలిపోయింది. విప్పబోయిన చెప్పులతోనే ఆటో ఎక్కించాను.

డాక్టరమ్మ మళ్లీ అరిచి అరిచి ఊదించింది. పోయినసారి కొండలా లేచిన గీత ఈసారి గుట్టంత కూడా లేవలేదు. ఆమె గొంతు తగ్గింది.

"ఇవాళ కొత్తగా ఏం చేశారు?"

"ఏమీ లేదండి. ఎప్పుడూ చేసే పనే. ఇన్నాళ్లు మూసేసి ఇవాళే తెరిచాం" అన్నారు మా ఆయన.

నేను అందుకుని ప్లాంటు గురించి, వాన మిషను గురించి, మూసేసిన కిటికీల గురించి చెప్పాను. వాన వాసన అనగానే ఆమె చేతిలో పెన్ను పక్కన పెట్టేసింది.

"అది వాన కాదమ్మా. ఓజోన్."

"అది ఆకాశంలో ఉండి మనల్ని ఎండ నుంచి కాపాడేదే కదండీ? మంచిదని అన్నయ్య చెప్తాడు" అన్నారు మా ఆయన.

"ఆకాశంలో ఉన్నంతసేపు మంచిదే. గదిలోకొస్తే ఊపిరి గొట్టాలు లోపల కమిలిపోతాయి. ఎండకు వీపు కమలదూ, అలాగ. లోతుగా పీల్చబోతే ఒళ్లే వద్దని ఆపేస్తుంది. బరువులు మోస్తూ రొప్పుతుంటే ఇంకా ఎక్కువ పోతుంది లోపలికి. పైగా మీకు పాత ఉబ్బసం."

"మరి ఆ శనివారం ఫర్వాలేదన్నారు?" అని నిలదీశాను.

"అదేనమ్మా దీనితో వచ్చిన తంటా. మొదటి రెండు రోజులు బాగా పట్టేస్తుంది. వరసగా పీలుస్తూ పోతే నాలుగైదు రోజులకు దగ్గు తగ్గుతుంది, గీత మామూలుకు వచ్చేస్తుంది. అలవాటైందనుకుంటారు. లోపల కమలడం మాత్రం ఆగదు. మీరు వారమంతా పీల్చాక శనివారం వచ్చారు, నేను మోసపోయాను."

ఆటోలో మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యకు ఇవన్నీ చెప్పకు. బాధపడతాడు" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ అన్నయ్య బాధపడాలనే నేను కోరుకుంటున్నాను" అన్నాను.

డాక్టరమ్మ మాట మోసుకెళ్లి చెప్తే బావగారు ఏమంటాడో నాకు తెలుసు. డాక్టర్లు అలాగే భయపెడతారంటాడు, నా చెవిలో పువ్వు పెట్టి పంపిస్తాడు. అసలు నాకు ఆ మనిషిని ఒప్పించాలని కూడా లేదు. నా మొగుడు పడ్డదంతా తనూ పడాలి. అందరి ముందూ పడాలి. మొదటి రోజు ఛాతీ పట్టేయడమంటే ఏమిటో బావగారికి తెలియాలి.

మర్నాడు ఉదయం ప్లాంటు వాకిట్లో అత్తగారు, తోటికోడలు, మూతల పెద్దాయన, లారీ డ్రైవరు అందరూ ఉన్న సమయం చూసుకుని వెళ్లాను.

"బావగారూ, మీరన్నదే నిజమండి. ఆయనవన్నీ నాటకాలే. మీరే ఒక్క పూట ఆ గదిలో క్యాన్లు నింపి, ఎత్తి చూపించండి. అన్నగారు మీరే దగ్గకుండా చేస్తే ఇక తమ్ముడికి నోరెత్తే మొహం ఎక్కడిది?"

ఏసీ ఆఫీసు గదిలో కూర్చునే బావగారు క్యాను ముట్టుకుని ఏళ్లయింది. అయినా డ్రైవరు చూస్తున్నాడు. మీసం మీద చెయ్యి వెళ్లింది.

"ఒక్క పూటేం ఖర్మ! వారం చేస్తా. ఈ ప్లాంటు పెట్టింది ఎవరనుకున్నావు?"

"అయితే ఈ వారం ఆయన్ని ఇంట్లో ఉంచేస్తానండి. ఆ స్టూలు ఇక మీకే" అన్నాను. కానీ మా ఆయన ఒప్పుకుంటే కదా! "అన్నయ్య ఒక్కడే మోస్తుంటే నేను ఇంట్లో ఎలా కూర్చుంటాను?" అని ఆయనా చొక్కా చేతులు మడిచారు. తలబాదుకోవడం ఒక్కటే తక్కువ నాకు.

బావగారు లోపలికి వెళ్లాక తలుపు బయట గట్టు మీద నేను కూర్చున్నాను. మొదట్లో గట్టిగా పాటలూ, జోకులూ వినపడ్డాయి. తర్వాత జోకులు తగ్గాయి. ఎండ నెత్తి మీదికి రాకముందే దగ్గు మొదలైంది. ఆ దగ్గు మా ఆయనది కాదని చెవులు రిక్కించి మరీ నిర్ధారించుకున్నాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. బావగారు మొహం ఎర్రగా చేసుకుని, గుమ్మానికి చెయ్యి ఆన్చి, గాలి కోసం నోరు తెరిచాడు.

"దుమ్ము పడుతుందండి బావగారూ" అని, ఎర్ర అక్షరాలు చూపించి, తలుపు మూసేశాను.

మధ్యాహ్నం భోజనం సహించలేదు. "పొద్దున ఐసు నీళ్లు తాగాను, పడలేదు" అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. రెండో రోజు ఇంకా ఘోరం. డ్రైవరును కేకేయబోతే కేక సగంలో తెగిపోయి దగ్గు అందుకుంది. లోతుగా గాలి తీసుకోబోయి, ఛాతీ పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. తోటికోడలు వేడినీళ్ల గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది.

"కంగారుపడకక్కా. లారీ లోడు వచ్చినప్పుడే వస్తుంది ఆ దగ్గు" అన్నాను.

మా అత్తగారి మొహం మాడిపోయింది. నాకు పాపమనిపించలేదా అంటే, లేదు. ఇప్పటికీ లేదు. ఆ రెండు రోజులూ అన్నం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

మిషను ఆపమని ఒక్క మాట అంటాడేమోనని చూశాను. అనలేదు. పంతం. మూడో రోజు దగ్గు తగ్గింది. నాలుగో రోజు ఇంకా తగ్గింది. ఐదో రోజు క్యాను భుజానికెత్తుకుని నా ముందు నుంచే లారీ దాకా నడిచి, దించి, తిరిగొచ్చి, ముక్కునిండా ఊపిరి పీల్చాడు.

"ఆహా, వాన!" అన్నాడు. "చూశావామ్మా? అలవాటైపోతుందని నేను చెప్పలేదూ?"

మూతల పెద్దాయన చప్పట్లు కొట్టాడు. మా ఆయన అన్నయ్యను చూసి మురిసిపోయారు. నన్ను చూసి జాలిపడ్డారు. నాకు ఎక్కడైనా దూరి దాక్కోవాలనిపించింది. నాలుగైదు రోజులకు మామూలవుతుందని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. కసిలో ఉన్నదాన్ని, నాకు కావాల్సిన మొదటి రెండు రోజుల ముక్క మాత్రమే విని వచ్చేశాను. నా ఎత్తు నాకే తిరగబడింది. మా ఆయన ఇక ఆ గదిలోంచి జన్మలో బయటికి రారని ఏడుపొచ్చింది.

ఏడుపు మింగి, "అయితే డాక్టరమ్మ ముందు కూడా ఊది చూపిస్తారా బావగారూ?" అన్నాను.

"పద! నేనూ తమ్ముడూ ఇద్దరం ఊదుతాం. నీ సరదా కూడా తీరిపోనీ."

కారులో తీసుకెళ్లాడు. దారిపొడవునా ఈల వేశాడు. డాక్టరమ్మ ఊదమని అరిస్తే ఆమెకన్నా గట్టిగా ఊదాడు. గీత దర్జాగా లేచింది. మా ఆయనది అంచులోనే ఉంది. బావగారు గొట్టం తీసి నా వైపు చూసి కనుబొమలెగరేశాడు.

"గీత వద్దండి. లోపల చూడండి" అన్నాను డాక్టరమ్మతో. అడుక్కున్నట్టే అన్నాను.

ఆమె ఇద్దరిచేతా ఉప్పునీటి ఆవిరి పీల్పించి, కఫం తీయించి, డబ్బాల్లో పట్టి లోపల ల్యాబుకు పంపింది. చాలాసేపు కూర్చోబెట్టి, ముగ్గురినీ పిలిచింది.

"ఇద్దరికీ లోపల వాపు ఉంది. దెబ్బ తగిలినచోట చేరే కణాలే, ఇద్దరి కఫంలోనూ నిండా ఉన్నాయి. డబ్బా మీద పేరు లేకపోతే ఏది ఎవరిదో నేను చెప్పలేను."

"నాకు దగ్గే లేదుగా? గీత బాగుందన్నారుగా?" అన్నాడు బావగారు.

"గీత బాగుంది. లోపల కమలడం ఆగలేదు."

బావగారు కుర్చీ అంచుకు జరిగాడు. ఆ గొంతు అంత సన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. "నాకు తగ్గుతుందామ్మా?"

"మీరు పీల్చింది వారమేగా. ఆ గదిలోకి వెళ్లకుండా ఉంటే పూర్తిగా తగ్గిపోతుంది. మీ తమ్ముడి సంగతి వేరు. రెండు వేసవులు, దానికితోడు ఉబ్బసం. పోయినదాంట్లో ఎంత తిరిగొస్తుందో నేను చెప్పలేను."

"హమ్మయ్య!" అన్నాడు బావగారు.

కావాలని అనలేదు. నోరు జారింది. గుండెల మీద చెయ్యేసుకుని, నిండుగా ఊపిరి వదులుతూ అన్నాడు. డాక్టరమ్మ కంప్యూటరు వైపు తిరిగిపోయింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అన్నయ్యనే చూస్తున్నారు. కోపంగా కాదు. చొక్కా పై గుండీ పెట్టుకుని, "పద" అన్నారు నాతో.

బయట బావగారు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "మేం ఆటోలో వెళ్తాం అన్నయ్యా" అన్నారు మా ఆయన. ఆ వేసవంతా నేను పోరాడి చేయలేని పని అన్నయ్య నోరుజారిన ఆ ఒక్క "హమ్మయ్య" చేసింది. ఆయన మళ్లీ ప్లాంటు గడప తొక్కలేదు.

ఇల్లు కూడా మారాం. తొందరలో దొరికింది మూడో అంతస్తులో రెండు గదుల వాటా. మా ఆయన కళ్లద్దాల షాపులో కౌంటరు దగ్గర కూర్చునే పనిలో చేరారు. ప్లాంటులో బావగారు వాన మిషనును గదిలోంచి తీయించి బయట షెడ్డులో పెట్టించాడట. మిగిలిన గ్యాసు పైకి పోయేలా కప్పు మీదికి గొట్టం వేయించాడట. కిటికీలు తెరిపించాడట. మూతల పెద్దాయన బజారులో కనపడి, "మీ బావగారు దేవుడమ్మా, మా కోసం ఎంత చేశాడో!" అన్నాడు. ఎవరి కోసం చేశాడో నాకు తెలుసు. అయినా పెద్దాయన ఊపిరి బాగుంటే చాలనుకుని ఊరుకున్నాను.

వానలు మొదలైన వారానికి, సాయంత్రం పూట బావగారు మా ఇంటికి వచ్చాడు. తలుపు తీసి గుమ్మంలోనే నిలబడ్డాను.

"తప్పు నాదేనమ్మా. నా తమ్ముణ్ణి అనరాని మాటలన్నాను. ఇప్పుడు గదంతా గాలే గాలి, వాడు ఒక్క క్యాను కూడా ఎత్తక్కర్లేదు, ఊరికే వచ్చి నా ఆఫీసులో కూర్చుంటే చాలు. అమ్మ కూడా బెంగపెట్టుకుంది. పంపించమ్మా" అన్నాడు.

మూడంతస్తులు ఎక్కొచ్చిన మనిషి ఇన్ని మాటలూ ఒక్క దమ్ములో అన్నాడు. ఎక్కడా ఆగలేదు. చొక్కా కింద ఛాతీ మామూలుగా లేచి పడుతోంది. నేను ఆ ఛాతీనే చూస్తూ నిలబడ్డాను.

"ఆయన ఇంకా రాలేదండి."

"వస్తున్నాడమ్మా. కింద మెట్ల దగ్గర కనపడ్డాడు. నువ్వు పద అన్నయ్యా, వస్తా అన్నాడు. నేను ముందొచ్చేశాను" అని లోపలికి అడుగు వేయబోయాడు.

నేను పక్కకు తప్పుకోలేదు. కూర్చోమనలేదు.

"వినండి బావగారూ" అన్నాను.

కింద నుంచి అడుగుల చప్పుడు వస్తోంది. కొన్ని మెట్లు ఎక్కింది. ఆగింది. దగ్గు వినపడింది. మళ్లీ మొదలైంది. మళ్లీ ఆగింది. బావగారు చెప్పుల వైపు చూసుకున్నాడు, కిందికి దిగబోయాడు. "ఉండండి" అన్నాను.

ఆయన పైకి వచ్చేదాకా బావగారిని గుమ్మంలోనే నిలబెట్టాను. చాలాసేపు పట్టింది.